బఫింగ్ మెషిన్ కొని కారు ఇంట్లోనే పాలిష్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. కానీ మా బావ కారు బానెట్ మీద నేను వెలగబెట్టిన ఘనకార్యం విన్నాక ఆర్డర్ పెట్టండి.

మూడేళ్ల క్రితం సంక్రాంతికి అక్కావాళ్లు వచ్చారు. బావది నల్ల కారు. ఎండలో పెడితే ఒళ్లంతా సాలెగూడు అల్లినట్టు గుండ్రటి సన్న గీతలు. "రబ్బింగ్ చేయించాలిరా, షెడ్డులో నాలుగు వేలు అడుగుతున్నారు" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా! నాలుగు వేలెందుకు దండగ అని, తెలిసిన డెంటింగ్ షెడ్డు నుంచి రోటరీ మెషిన్ (ప్యాడ్ ఒకేచోట గిర్రున తిరిగే రకం), ఉన్ని ప్యాడ్, సగం డబ్బా కాంపౌండ్, అంటే గీతల్ని అరగదీసే పేస్టు, అడిగి తెచ్చాను. డ్రైవర్ వైపు డోరు చేస్తే అద్దంలా వచ్చింది, అందులో నా మొహం చూసుకుని మీసం కూడా దువ్వుకున్నాను. అక్కడే కొంప మునిగింది.

బానెట్ దగ్గరికి వచ్చేసరికి పదకొండయింది, రేకు కాలుతోంది, రాసిన కాంపౌండ్ నిమిషంలో ఎండిపోయి పొడి లేస్తోంది. బానెట్ మీద పొడుగ్గా ఒక మడత ఉంటుంది చూడండి, అక్కడ గీతలు పోవట్లేదని తిరుగుతున్న మెషిన్‌ని ఒకేచోట ఉంచి నొక్కాను. ఉన్ని నల్లబడింది. నల్ల కారు కదా, నలుపు రాక ఇంకేమొస్తుంది అనుకున్నాను. ఏదో కాలిన వాసన వచ్చి తుడిచి చూస్తే మడత వెంబడి జానెడు పొడుగున బూడిద రంగు చార, అంటే రంగు కింద వేసే ప్రైమర్ బయటపడింది! బావ ఒక్క మాట అనలేదు, అరిసెల పళ్లెం పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. బానెట్ మొత్తానికి రంగు వేయించడానికి నా జేబులోంచి ఏడు వేలు పోయాయి.

తర్వాత షెడ్డు మేస్త్రీ చెప్పాడు. ఇప్పటి కార్లకు రంగు మీద రంగులేని క్లియర్ కోట్ ఉంటుంది. అది మామూలుగా నలభై, యాభై మైక్రాన్లే, అంటే తలవెంట్రుక కన్నా పల్చన. మనం అరగదీసేది దాన్నే, అందుకే ప్యాడ్‌కి కారు రంగు అంటిందంటే వెంటనే ఆపెయ్యాలి. మడతలు, అంచుల దగ్గర ఆ పొర ఇంకా పల్చగా ఉంటుంది, పైగా మెషిన్ బలమంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది. ముందే అక్కడ మాస్కింగ్ టేపు వేసుంటే సరిపోయేది.

కాబట్టి కొంటే డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్ కొనండి, రోటరీ జోలికి పోకండి. డీఏలో ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది, మరీ గట్టిగా నొక్కితే మామూలు రకాల్లో తిరగడమే ఆగిపోతుంది, నాలాంటి వాళ్ల కోసమే చేసినట్టు. టైల్స్ కోసే గ్రైండర్‌కి ప్యాడ్ తగిలించేవాళ్లనూ చూశాను, అది పదకొండు వేల ఆర్‌పీఎం బాబూ, పాలిష్‌కి వెయ్యీ పదిహేను వందలు చాలు. కారు శుభ్రంగా కడిగి, నీడలో, ఫోమ్ ప్యాడ్‌తో, రెండడుగుల ముక్క చొప్పున చేయండి. గోరుతో గీస్తే తట్టే గీత మాత్రం పాలిష్‌తో పోదు, దాంతో కుస్తీ పట్టకండి.

అసలు ఈ గీతలు ఎక్కడివి? మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున ఐదింటికి ఒకతను ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పదిహేను కార్లు తుడుస్తాడు. మొదటి కారు మట్టి పదిహేనో కారుకి అందుతుంది. దానికి నెలకు ఐదొందలు మనమే ఇస్తాం! ఆ సాలెగూడంతా ఆ గుడ్డదే, ఎవరితోనైనా పందేనికి సిద్ధం. అతన్ననీ లాభం లేదు, నీళ్లు మోయడానికి లిఫ్టు వాడొద్దని మా అసోసియేషన్ రూలు పెట్టింది మరి. పైగా బోరు నీళ్లు, ఆరితే తెల్ల మచ్చలు. నేను అతనికి డబ్బులిస్తూనే నా కారు ముట్టుకోవద్దన్నాను, ఆదివారం రెండు బకెట్లు, మైక్రోఫైబర్ గుడ్డతో నేనే కడుక్కుంటున్నాను. డీఏ కొని రెండేళ్లయింది, ఇప్పటికి ఒక్కసారే తీశాను, అదీ బావ ఊళ్లో లేనప్పుడు.