కారెల్ రోడెన్‌లా కావాలంటే ప్రాగ్ వెళ్లాల్సిందేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో ఏడు చదువుతున్నాడు. ‘హెల్‌బాయ్’లో రష్యన్ మాంత్రికుడు రాస్పుతిన్‌గా వేసిన చెక్ నటుడు కారెల్ రోడెన్ అంటే పిచ్చి. హీరో వేషాలు వద్దట, ఆయనలా ఇంటర్నేషనల్ క్యారెక్టర్ యాక్టర్ అవుతాడట. డిగ్రీ మానేసి చెక్ రాజధాని ప్రాగ్‌లో యాక్టింగ్ చదువుతానంటున్నాడు. పంపమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: హీరో వేషం వద్దనుకునే కుర్రాళ్లు నా దగ్గరికి అరుదుగా వస్తారండీ, ఆ మాట విని సంతోషమేసింది. కానీ రోడెన్ గారు ఎక్కడ చదివారన్నదే చూసి టికెట్ కొనేయకండి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది కూడా చూడాలి.

ఆయన 1962లో పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ నటులే. ప్రాగ్‌లో ‘డాము’ అనే నాటక కళాశాలలో చదివి, ఏళ్ల తరబడి సొంత భాషలోనే స్టేజీ మీద, సినిమాల్లో, టీవీలో వేషాలు వేశారు. రాబర్ట్ డి నీరోతో చేసిన ‘15 మినిట్స్’తో బయటి ప్రపంచం కంట్లో పడింది 2001లో. అప్పటికి నలభై దగ్గరపడుతున్నాయి. మీవాడు ఈ లెక్క చూసుకున్నాడా?

ఆ తర్వాత వచ్చిన ‘బ్లేడ్ 2’ (2002), ‘హెల్‌బాయ్’ (2004) ప్రాగ్‌లో తీసినవే. అంటే ఆయన హాలీవుడ్ వెళ్లడం కంటే హాలీవుడ్ ఆయన ఊరికి రావడమే ఎక్కువ. ప్రాగ్‌లో బర్రాండోవ్ స్టూడియోలున్నాయి, చేయి తిరిగిన టెక్నీషియన్లున్నారు, ఖర్చు తక్కువ. పెద్ద తారలు విమానం దిగుతారు, చిన్నాచితకా వేషాలకు మాత్రం అక్కడివాళ్లనే తీసుకుంటారు. రానుపోను ఖర్చులు, హోటల్ బిల్లులు మిగులుతాయి కదా. అలా వచ్చిన చిన్న వేషంలో నిలబడాలంటే వెనకాల స్టేజీ అనుభవం ఉండాలి.

ఇంకో సంగతి. ‘బోర్న్ సుప్రిమసీ’లో ఆయన రష్యన్ చమురు వ్యాపారి. ‘రాక్‌న్‌రోలా’లో రష్యన్ కోటీశ్వరుడు. రాస్పుతిన్ సరేసరి. మన దగ్గరైతే పరాయి భాష విలన్‌కి డబ్బింగ్ గొంతు తగిలించి గట్టెక్కిస్తారు. అక్కడ ఆ వెసులుబాటు తక్కువ. ఏ యాస వల్ల వేషం వస్తుందో, ఆ యాసే ఇంకో రకం వేషం రానివ్వదు. మీవాడికైనా ఇంతే: బయటి సినిమాల్లో ముందు అడిగేది భారతీయుడి వేషమే.

ఆయన పనితనం చూడాలంటే ‘మిస్టర్ బీన్స్ హాలిడే’ (2007) పెట్టుకోండి. ఇందులో ఆయనది తండ్రి వేషం. బీన్ చేసిన పనికి కొడుకు రైల్లో, తండ్రి ప్లాట్‌ఫాం మీద మిగిలిపోతారు. తర్వాత తండ్రి ఎక్కిన రైలు బీన్, ఆ పిల్లాడు ఉన్న స్టేషన్లో ఆగకుండా దూసుకుపోతుంటే, ఆయన కిటికీలోంచి ఫోన్ నంబరు రాసిన కాగితం చూపిస్తాడు, చివరి రెండంకెలూ వేళ్ల కింద ఉండిపోతాయి. నవ్వు బీన్‌ది. ఆ నవ్వు పండేది మాత్రం తండ్రి కంగారు నిజమనిపించబట్టే. క్యారెక్టర్ యాక్టర్ పనంటే ఇదే.

పెద్ద వేషాలు మాత్రం ఆయనకు సొంత దేశంలోనే దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన రైల్వే కాపలాదారుగా ‘గార్డ్ నంబర్ 47’లో, దౌత్యవేత్తగా ‘మసరిక్’లో చేసి రెండుసార్లూ ఉత్తమ నటుడిగా చెక్ లయన్ అనే అక్కడి సినిమా అవార్డు అందుకున్నారు.

ఇక మీ సంగతి. డాములో నటన బోధన చెక్ భాషలో. ఆ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్‌లో చదివితే విదేశీయులకూ ఫీజు ఉండదు, నిజమే. కానీ స్టేజీ మీద తడబడకుండా పలికేంత చెక్ ముందు రావాలి, ప్రవేశ పరీక్ష నెగ్గాలి, అక్కడ బతకడానికయ్యే ఖర్చు మీరే భరించాలి. ఇంగ్లిష్‌లో నడిచే కోర్సులకు ఫీజుంటుంది. నేనైతే ఇప్పుడు పంపను.

ముందు పరిషత్తు పోటీలకు తిరిగే నాటక సమాజం ఒకటి చూసుకుని చేరమనండి, ముసలి వేషమైనా ద్వారపాలకుడి వేషమైనా సరే. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఉంది, ఢిల్లీలో ఎన్‌ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) ఉంది. ఎన్‌ఎస్‌డీ వాళ్లు డిగ్రీతో పాటు నాటకాల్లో చేసిన అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి బీకాం ఆపనివ్వకండి. ఆడిన ప్రతి నాటకానికీ కరపత్రం, ఫొటో, సర్టిఫికెట్ ఒక ఫైల్లో దాచిపెట్టమనండి, దరఖాస్తు వేళ పనికొస్తాయి.