ఎక్కడి నుంచి కొట్టారో కనిపించట్లేదు: ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కంప్యూటర్లో ఆడే యుద్ధ వ్యూహాల ఆటల గురించే ఉన్నాయి. తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటలు కాదు, ఒక ప్లటూన్‌నో (ముప్పై నలభై మంది దళం) కంపెనీనో (అలాంటి మూడు నాలుగు ప్లటూన్లు) చేతికిచ్చి "ఇదిగో మ్యాప్, ఇదిగో టైము, ఆ ఊరు పట్టుకో" అనే రకం. అందుకని ఈ సంచికలో మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నేను బి.టెక్ రెండో ఏడాది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ బాగా ఆడతాను. ఫ్రెండ్ చెబితే కాంబాట్ మిషన్: బ్యాటిల్ ఫర్ నార్మండీ మొదలుపెట్టాను. పది నిమిషాల్లో ప్లటూన్ మొత్తం పోతోంది. ఎవరు కాల్చారో కూడా కనిపించట్లేదు. గేమ్‌లో ఏదైనా బగ్ ఉందా, లేక నాకే రావట్లేదా? (వరంగల్)

జవాబు: బగ్ కాదు తమ్ముడూ. కాల్చినవాడు నీకు కనిపించట్లేదంటే ఆట సరిగ్గానే నడుస్తోందని అర్థం. నువ్వు ఇన్నాళ్ళూ ఆడిన ఆటల్లో నీ మనుషుల్లో ఒక్కడు చూస్తే చాలు, అందరూ చూసినట్టే. ఇక్కడ అలా కుదరదు, ఎవరి కళ్ళు వాళ్ళవే. ఒక స్క్వాడ్ (ప్లటూన్‌లోని చిన్న జట్టు) మీద క్లిక్ చేస్తే ఎదురుగా జర్మన్ మెషిన్ గన్ కనిపిస్తుంది, పక్కనున్న స్క్వాడ్ మీద క్లిక్ చెయ్యి, అదే గన్ మాయమైపోతుంది, లేదంటే అక్కడ ఏదో ఉందన్నట్టు ఒక ప్రశ్నార్థకం గుర్తు మాత్రం మిగులుతుంది. చూసినవాడు మిగతావాళ్ళకి చెప్పాలంటే గొంతు వినిపించేంత దగ్గరైనా ఉండాలి, ఒకరికొకరు కనిపించనైనా కనిపించాలి, లేదా రేడియో ఉండాలి. నువ్వు ప్లటూన్ లీడర్ని సేఫ్‌గా ఉంటాడని రెండు పొలాల వెనక వదిలేశావనుకో, ముందున్నవాళ్ళకి తెలిసిన విషయం అక్కడే ఆగిపోతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

రెండో సంగతి, నువ్వు మొదలుపెట్టిన చోటే కష్టమైన చోటు. 1944 వేసవిలో ఫ్రాన్స్‌లోని నార్మండీలో అమెరికన్ సైన్యాన్ని వారాల తరబడి నిలబెట్టేసినవి ఆ పొలాల గట్లే. గట్టు అంటే మన వరి మడుల మధ్య ఉండే గట్టు ఊహించుకోకు. మనిషి ఎత్తు మట్టికట్ట, అందులో వందల ఏళ్ళ వేళ్ళు, దాని మీద దట్టంగా పొదలు, చెట్లు. ప్రతి చిన్న పొలం చుట్టూ అదే గోడ. లోపలికి పోవడానికి ఒకటో రెండో దారులుంటాయి, జర్మన్లు నిమిషానికి సుమారు 1200 తూటాలు పేల్చే ఎంజీ 42 మెషిన్ గన్‌ని సరిగ్గా ఆ దారి వైపు గురిపెట్టి కూర్చుంటారు. నువ్వు కూడా ఆ దారిలోంచే పంపిస్తున్నావని నీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది.

ఇలా చేసి చూడు. ఆటని నిమిషం పద్ధతిలోనే ఆడు: ఇద్దరూ ఆర్డర్లు ఇచ్చాక 60 సెకన్లు రెండు వైపులా ఒకేసారి నడుస్తాయి, ఆ నిమిషంలో నువ్వు వేలు పెట్టలేవు, అయ్యాక మాత్రం ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. కాబట్టి ఒక నిమిషం పాటు వాళ్ళ మానాన వాళ్ళని వదిలేయడానికి నీకు ధైర్యం చాలే ఆర్డర్ మాత్రమే ఇవ్వు. స్క్వాడ్ మొత్తాన్ని కదిలించకుండా అందులోంచి ఇద్దరు స్కౌట్లని (ముందుకెళ్ళి జాడ చూసేవాళ్ళని) విడదీసి ముందుకు పంపు, మిగతావాళ్ళు గట్టు వెనకే ఉండి ఎదుటి గట్టు మీద చూపు పెట్టి ఉండాలి. స్కౌట్లకి "హంట్" ఇస్తే శత్రువు జాడ తగలగానే ఆగిపోతారు. "ఫాస్ట్" ఇచ్చావంటే అలసిపోయి, చుట్టూ చూడకుండా పరుగెడతారు.

జాడ దొరికిందా, ఇక అసలు పని. చంపడం గురించి ఆలోచించకు. వాళ్ళని తలెత్తనివ్వకుండా చేయడమే పని, మనిషి కనిపించకపోయినా ఆ గట్టు మీద, ఆ పొద మీద కాల్పించు. మీద పడుతున్న కాల్పుల ఒత్తిడి పెరిగేకొద్దీ ఎదుటివాడు కాల్చడం మానేసి నేలకి అతుక్కుపోతాడు, ఆట దాన్ని లెక్కగట్టి నడిపిస్తుంది. నీ దగ్గర నాలుగు టీములుంటే మూడు కాల్చాలి, ఒకటి కదలాలి. మోర్టార్ (వెనక నుంచి గుండ్లని పైకి పేల్చి మీద పడేసే చిన్న ఫిరంగి) ఉంటే ముందే పిలువు, అడిగిన వెంటనే రాదు: కొన్ని నిమిషాలు పడుతుంది, ముందు ఒకటీ అరా గుండ్లు వేసి సరిచూసుకుంటారు, గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి చెప్పేవాడికి ఆ చోటు కనిపించాలి కూడా. ఉన్న దారిని మర్చిపోయి కొత్త దారి చేసుకో: ఇంజనీర్లుంటే గట్టుకి పేలుడు మందు పెట్టి పేల్చొచ్చు, ముందు భాగంలో ఉక్కు కోరలు బిగించిన షెర్మన్ ట్యాంకు దొరికితే అది గట్టు చీల్చుకుని వెళ్ళిపోతుంది. ఆ కోరల ఉపాయం నిజంగా ఆ 1944 వేసవిలో పుట్టిందే, కర్టిస్ క్యులిన్ అనే అమెరికన్ సార్జెంట్ పేరు మీద చెప్పుకుంటారు.

అన్నిటికంటే ముందు, కూర్చుని చూడడం నేర్చుకో. నేను ఒకసారి 35 నిమిషాల మిషన్‌లో మొదటి పన్నెండు నిమిషాలు ఒక్క స్క్వాడ్‌ని కూడా గట్టు దాటించలేదు, చూస్తూ ఉన్నాను, ప్రశ్నార్థకాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఊరు పట్టుకునేసరికి నా వైపు గాయపడింది ఇద్దరే. అదే మిషన్ అంతకుముందు తొందరపడి ఆడినప్పుడు సగం మంది పోయారు.

ప్రశ్న: నా లాప్‌టాప్ పాతది, గ్రాఫిక్స్ కార్డు లేదు. డబ్బులు పెట్టి కొనే పరిస్థితి కూడా లేదు. నేను ఏం ఆడాలి? (గుంటూరు)

జవాబు: స్టీల్ పాంథర్స్. 1995 నాటి ఆట అది, దాన్ని కొందరు అభిమానులు ఏళ్ళ తరబడి పెంచి పోషించి ఇప్పటికీ ఉచితంగా ఇస్తున్నారు. ఇప్పుడు దొరికే రూపాలు రెండు: విన్ ఎస్‌పీడబ్ల్యూడబ్ల్యూ2 రెండో ప్రపంచ యుద్ధానికి, విన్ ఎస్‌పీఎంబీటీ 1946 తర్వాతి యుద్ధాలకి. మ్యాప్ మీద ఒక్కో గడి 50 మీటర్లు. బొమ్మలు పాతకాలంవే, కానీ లోపలి లెక్క గట్టిది, నీ లాప్‌టాప్‌కి అది బరువే కాదు. కాంబాట్ మిషన్‌కి కూడా ఉచిత డెమోలు ఉన్నాయి, నీ సిస్టమ్ మీద నడుస్తుందో లేదో వాటితో చూసుకో. పైరేటెడ్ కాపీల జోలికి వెళ్ళొద్దు, ఇవి చాలా చిన్న సంస్థలు, పదిమంది కొంటేనే ఇంకో ఆట వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి ఒంటిగంట దాకా ఈ యుద్ధం ఆటే. ఈఏపీసెట్ దగ్గర పడుతోంది, నాకు టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి ఆడితే పిల్లలు మొండిగా, కోపిష్టిగా తయారవుతారా? (రాజమండ్రి)

జవాబు: అమ్మా, మీరు అడిగింది నిజానికి రెండు ప్రశ్నలు. ఒంటిగంట దాకా ఏ ఆట ఆడినా తప్పే, చదువుకునే పిల్లాడికి నిద్ర కావాలి, అందులో నేను వాణ్ణి వెనకేసుకురాను. ఒక చిన్న విషయం మీకు ఉపయోగపడుతుంది. మీవాడు ఆడేది నిమిషం నిమిషం ఆగి నడిచే రకమైతే ఎక్కడంటే అక్కడ సేవ్ చేసి లేచిపోవచ్చు. "మధ్యలో వదిలేస్తే మా టీమ్ ఓడిపోతుంది" అనే మాట వేరే ఆటల్లో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. పదిన్నరకి ఆపమంటే ఆపగలడు, రేపు అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు.

ఇక కోపం సంగతి. మీ అబ్బాయిని నేను చూడలేదు, వాడి స్వభావం మీకే తెలుస్తుంది. కాంబాట్ మిషన్ లాంటి ఆట ఎలా ఉంటుందో మాత్రం చెప్తాను. పడిపోయిన సైనికుడు తెర మీద నుంచి వెంటనే మాయమైపోడు, అక్కడే పడి ఉంటాడు, పక్కవాడు కాల్పులు ఆపి మోకాళ్ళ మీద కూర్చుని వాడికి కట్టు కడతాడు. ఆఖర్లో ఎంతమంది చనిపోయారు, ఎంతమంది గాయపడ్డారు అని లెక్క వస్తుంది. ఒక రోజు వాడి పక్కన కూర్చుని "ఈరోజు నీ వాళ్ళు ఎంతమంది పోయారు నాన్నా, ఎందుకు పోయారు?" అని అడిగి చూడండి. ఆలోచించి కారణం చెబుతున్నాడంటే వాడు బుర్ర పెట్టి ఆడుతున్నట్టే. విసుక్కుని లేచిపోతుంటే మాత్రం కొన్నాళ్ళు ఆపించడమే మంచిది, ఆట ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో, మా ఫ్రెండ్ డల్లాస్‌లో. ఇద్దరికీ ఒకే టైములో కుదరదు. కలిసి ఆడే దారి ఉందా? (హైదరాబాద్)

జవాబు: ఉంది, పైగా ఈ ఆటలు మీలాంటివాళ్ళకి సరిగ్గా సరిపోతాయి. కాంబాట్ మిషన్‌లో మీ నిమిషం ఆర్డర్లు ఇచ్చి ఫైలు మెయిల్ చేసి పడుకోండి, ఆయన తన సాయంత్రం దాన్ని తెరిచి తన ఆర్డర్లు ఇచ్చి తిరిగి పంపుతాడు. స్టీల్ పాంథర్స్‌లో కూడా మెయిల్ మీద ఆడొచ్చు. అరగంట యుద్ధం ఇలా ఆడితే రెండు మూడు నెలలు పట్టొచ్చు, ముందే ఇద్దరూ మాట్లాడుకుని రోజుకి ఒక్క ఫైలైనా పంపాలని అనుకోండి. మనిషితో ఆడాక కంప్యూటర్‌తో ఆడబుద్ధి కాదు.

ప్రశ్న: ఎప్పుడూ జర్మన్లు, అమెరికన్లు, రష్యన్లేనా? మన సైన్యం చేసిన యుద్ధాలు ఆడటానికి లేవా? (కరీంనగర్)

జవాబు: ఈ బాధ నాకూ ఉంది. పెద్ద ఆటల్లో మన యుద్ధాల జాడే కనిపించదు. కానీ పైన చెప్పిన విన్ ఎస్‌పీఎంబీటీలో భారత్, పాకిస్తాన్ సైన్యాలు రెండూ ఉన్నాయి, మ్యాప్ మనమే గీసుకునే సదుపాయం కూడా ఉంది. నన్నడిగితే మొదట గీయాల్సింది 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు పంజాబ్‌లో ఖేమ్ కరణ్ దగ్గర జరిగిన అసల్ ఉత్తర్ యుద్ధం.

పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్ (ట్యాంకుల సైన్యం) అమెరికాలో తయారైన పాటన్ ట్యాంకులతో వచ్చింది, అప్పటికి అవి మన దగ్గరున్న చాలా ట్యాంకుల కన్నా కొత్తవి. మనవాళ్ళు వెనక్కి తగ్గి, గుర్రపు లాడం ఆకారంలో మాటువేసి, ఎత్తుగా పెరిగిన చెరుకు తోటల్లో ట్యాంకులు, గన్‌లు దాచి, పొలాలకి నీళ్ళు వదిలారు. బరువైన పాటన్లు బురదలో దిగబడ్డాయి, దారి వెతుక్కుంటూ పక్కకి తిరిగేసరికి పక్క భాగాలు మన గన్‌లకి ఎదురయ్యాయి. ట్యాంకు ముందు ఉన్నంత మందం ఉక్కు పక్కన ఉండదు, ఆటలో ఈ లెక్క మందం, కోణంతో సహా వేస్తారు. జీపు మీద బిగించిన 106 మి.మీ. రికాయిల్‌లెస్ గన్‌తో (పేల్చినా వెనక్కి తన్నని, ట్యాంకులని కొట్టే గన్) అబ్దుల్ హమీద్ ట్యాంకులని దగ్గరికి రానిచ్చి కొట్టింది అక్కడే, ప్రాణం పోయింది కూడా అక్కడే, ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. మన లెక్కల ప్రకారం శత్రువు పోగొట్టుకున్నవి, మనకి దొరికినవి కలిపి 97 ట్యాంకులు.

కరీంనగర్ నుంచి రాశారు కాబట్టి ఇంకో మాట. ఆ రోజు అక్కడ షెర్మన్ ట్యాంకులతో నిలబడిన రెజిమెంట్ డెక్కన్ హార్స్. దాని మూలాలు మన నిజాం రాజ్యంలోని పాత గుర్రపు దళాల్లో ఉన్నాయి. వరంగల్ తమ్ముడు నార్మండీలో నడుపుతున్న ఆ షెర్మన్ల తరం ట్యాంకులే ఇరవై ఏళ్ళ తర్వాత చెరుకు తోటలో కూర్చుని తమకంటే కొత్త ట్యాంకులని ఆపాయి. మీరు మ్యాప్ గీసేటప్పుడు చెరుకు పెట్టడం మర్చిపోకండి, ఎత్తైన పంట లేని ఖాళీ నేల గీస్తే ఆ యుద్ధం ఇంకోలా అయిపోతుంది. పాకిస్తాన్ వైపు నుంచి కూడా ఒకసారి ఆడి చూడండి, ముందు ఏముందో తెలియకుండా తోటలోకి వెళ్ళడం అంటే ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: మాది మిలటరీ మాధవరం పక్క ఊరు. 28 ఏళ్ళు ఆర్మీలో చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. మా మనవడు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. వాడు సెక్షన్‌ని (పదిమంది జట్టు) తీసుకుని ఖాళీ పొలం మధ్యలోంచి నడిపించేస్తుంటే మనసాగలేదు, తిట్టాను. ఇవి నిజంగా సైన్యాలు వాడతాయా? నాలాంటివాడు ఆడొచ్చా? (పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: సుబేదార్ గారూ, నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. వాడతాయండి. అమెరికా మెరైన్ కోర్ తన శిక్షణ కోసం క్లోజ్ కాంబాట్ అనే ఆట నుంచి ప్రత్యేకంగా ఒకటి చేయించుకుంది. అసలు ఈ పద్ధతి కంప్యూటర్ల కన్నా చాలా పాతది. 1824 లో ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి తయారుచేసిన ఆటలో మ్యాప్ మీద నేల ఎత్తుపల్లాలు చూసి, యుద్ధాన్ని రెండు రెండు నిమిషాల వంతులుగా ఆడేవారు, మధ్యలో ఒక అంపైర్ కూర్చుని ఎవరి వైపు సైనికులకి ఏది కనిపిస్తుందో అది మాత్రమే వాళ్ళకి చెప్పేవాడు. ఇవాళ కంప్యూటర్ చేస్తున్నది ఆ అంపైర్ పనే.

నిజం మీకు తెలిసినంత నాకు తెలియదు. దాహం, నిద్రలేమి, బూట్లో నీళ్ళు, పక్కవాడి పేరు తెలిసి ఉండటం, ఇవేవీ తెర మీద రావు, వస్తాయని నేను అనను. కానీ ఖాళీ పొలంలో నడిపిస్తే ఏమవుతుందో మాత్రం ఆట మీ మనవడికి మీరు తిట్టిన కారణంతోనే చూపిస్తుంది.

మీరు తప్పకుండా ఆడండి. వేళ్ళ వేగం అక్కర్లేదు, నిమిషం అయ్యాక ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. ఒక పద్ధతి చెప్తాను, మాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రీ కొడుకులు ఇలా ఆడతారు. మనవణ్ణి మౌస్ దగ్గర కూర్చోబెట్టండి, మీరు తెర వైపు చూడకండి. ఒక కాగితం మీద ఊరు, రోడ్డు, కాలవ, తోట గీసుకుని పెన్సిల్ పట్టుకోండి. తన మనుషులకి కనిపించింది మాత్రమే వాడు మీకు చెప్పాలి, "రెండో సెక్షన్‌కి చర్చి వైపు నుంచి శబ్దం వినిపించింది తాతయ్యా" అని, అంతే. మీరు ఆర్డర్ నోటితో చెప్పండి, వాడు అమలు చేయాలి. వాడు రిపోర్ట్ సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో మొదటి పది నిమిషాల్లోనే ఇద్దరికీ తెలిసిపోతుంది. చిన్న మిషన్, ఒక్క ప్లటూన్‌తో మొదలుపెట్టండి, ట్యాంకులు తర్వాత. ఆ కాగితం పారేయకుండా మాకు పంపిస్తే వచ్చే సంచికలో వేస్తాం.