గార్డియన్ అయినంత మాత్రాన తమ్ముడి ఎకరం అన్న సొంతం అయిపోదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్న సొంతంగా కొన్న నాలుగెకరాలు ఉన్నాయి. వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, అన్న, నేను, తమ్ముడు ఉన్నాం. తమ్ముడికి 32 ఏళ్లు, పుట్టుకతో బుద్ధిమాంద్యం, సదరం సర్టిఫికెట్ ఉంది. ‘నా వాటా అన్నకు వదులుకుంటున్నా’ అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి అన్న వాడి వేలిముద్ర తీసుకున్నాడు. ఇప్పుడు తనే గార్డియన్ అవుతానంటున్నాడు. గార్డియన్ వస్తే తమ్ముడికి ఓటు కూడా పోతుందట. నిజమేనా?

జవాబు: ముందు ఆ కాగితం సంగతి. భూమిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టర్ కావాలి. ఇంట్లో కూర్చోబెట్టి, బొటనవేలు పట్టుకుని సిరా అద్ది ఒత్తించిన స్టాంపు కాగితంతో వాటా కదలదు. ఒకవేళ రిజిస్ట్రేషన్ జరిగిపోయినా, అందులో ఏముందో మీ తమ్ముడికి అర్థం కాలేదని రుజువైతే కోర్టులో నిలవదు. అయితే అప్పుడు రద్దు దావా వేయాలి, ఆలస్యం చేయకూడదు.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నలుగురికీ తలా ఎకరం. జబ్బు, లోపం కారణంగా ఎవరి వారసత్వమూ పోదని ఆ చట్టం 28వ సెక్షనే చెబుతోంది. ఇలాంటి కేసులు ఎక్కువగా చెడేది విరాసత్ (చనిపోయినవారి భూమిని రికార్డుల్లో వారసుల పేరిట మార్చడం) దగ్గర. వారసుల జాబితాలో ‘మతి లేనివాడు కదా’ అని పేరే రాయరు. తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పడిందేమో ఇప్పుడే కనుక్కోండి. పేరు లేకపోతే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఇక గార్డియన్ మాట. 18 దాటాక తల్లిదండ్రులు కూడా వాళ్లంతట వాళ్లు గార్డియన్లు కారు. బుద్ధిమాంద్యం ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ నియమిస్తుంది. తల్లిగానీ బంధువుగానీ ఫారం-ఏ లో దరఖాస్తు పెట్టి, తమకు నచ్చిన మనిషి పేరు సూచించవచ్చు. కాబట్టి అన్న కంటే ముందు మీ అమ్మగారే పెట్టడం మంచిది. సదరం సర్టిఫికెట్, ఆధార్, వయసు రుజువు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, గార్డియన్ కాబోయే వ్యక్తి అంగీకార పత్రం సిద్ధం చేసుకుని, నల్లగొండలో జిల్లా వికలాంగుల సంక్షేమ అధికారి కార్యాలయంలో అడగండి. అసలు గార్డియన్ అవసరమా, ఏ పనులకు అవసరం అని కమిటీ చూడాలి. అందుకే దరఖాస్తులో ‘అన్నిటికీ’ అని రాయకండి. ‘బ్యాంకు ఖాతా, పింఛను, వాటా భూమి కౌలు’ అని విడివిడిగా రాయండి.

గార్డియన్ అయినవారు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆపైన ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు కమిటీకి ఇవ్వాలి. చాలామందికి ఈ సంగతే తెలియదు, తెలిసినవాళ్లు ఇవ్వరు. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా తొలగించమని 17వ సెక్షన్ కింద మీరే దరఖాస్తు పెట్టొచ్చు. ఆ సర్టిఫికెట్ సంరక్షణ కోసం, అమ్ముకోవడానికి కాదు. భూమి అమ్మాలంటే కోర్టు అనుమతి లేకుండా ముందుకు పోవద్దు.

పైగా 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఏదైనా ఆస్తి లావాదేవీలో తోడుగా నిలిచే మనిషి ప్రయోజనం, వికలాంగుడి ప్రయోజనం ఎదురెదురైతే ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి. రక్తసంబంధం ఉందన్న ఒక్క కారణంతోనే ప్రయోజనాలు ఎదురెదురని అనుకోకూడదు. కానీ మీ అన్న విషయంలో వేలిముద్ర వేయించిన ఆ కాగితమే అందుకు సాక్ష్యం. దాని ఫొటో అయినా దొరికితే కమిటీ ముందు పెట్టండి.

ఓటు పోదు. కోర్టు మతిస్థిమితం లేదని ప్రకటిస్తేనే ఓటర్ల జాబితాకు అనర్హత. గార్డియన్ సర్టిఫికెట్ అలాంటి ప్రకటన కాదు.

అన్న వాటా పంచనంటే, అమ్మగారు తమ్ముడి తరఫున నెక్స్ట్ ఫ్రెండ్‌గా (తానే కేసు నడపలేని వ్యక్తి కోసం కోర్టులో నిలబడే మనిషిగా) భాగ పంపిణీ దావా వేయవచ్చు. లాయరు ఫీజుకు భయపడొద్దు. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో సదరం సర్టిఫికెట్ చూపించి దరఖాస్తు ఇవ్వండి.