మూడు వేల క్యూసెక్కులే కదా అన్నారు మీ నాన్నగారు

ప్రశ్న: కాలిఫోర్నియాలోని శాక్రమెంటో వచ్చి ఏడాదైంది. మే నెలాఖరుకి విజయవాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. నాన్నకి 66. బందరు కాలువలో ఈత నేర్చుకున్న మనిషి. బీపీ తప్ప ఇంకేమీ లేదు. ఇక్కడి అమెరికన్ రివర్ అనే నదిలో మేం కయాకింగ్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) చేసిన వీడియో చూసి తనూ వస్తానంటున్నారు. తీసుకెళ్ళొచ్చా?

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. మే, జూన్‌లలో ఆ నది మీద వద్దు. ఆగస్టులో సరస్సు మీద అయితే సరే.

నీ ఉత్తరం అందేసరికి నేను బెజవాడలోనే ఉన్నాను కాబట్టి కృష్ణలంకలో మీ ఇంటికెళ్ళి నాన్నగారితోనే మాట్లాడాను. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషికి నది గురించి చెప్పడమంటే కాస్త మొహమాటమే. ఫోన్‌లో అమెరికన్ రివర్ ప్రవాహం చూపించాను. అక్కడ యూఎస్‌జీఎస్ అనే ప్రభుత్వ సర్వే సంస్థ వాళ్ళు ఏ నదిలో ఎంత నీరు పారుతోందో ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెడతారు. సెకనుకి మూడు వేల ఘనపుటడుగులు అని ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అంటే క్యూసెక్కులేగా! మూడు వేలేనా?" అని నవ్వారు. "2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేలు చూసిన కళ్ళయ్యా ఇవి."

ఆయన లెక్క తప్పు కాదు, కొలత ఒకటే. కానీ కృష్ణ ఇక్కడికొచ్చేసరికి బల్లపరుపు నేల మీద, కిలోమీటరు పైగా వెడల్పున సాగుతుంది. అక్కడ సన్నటి పాయలో, రాళ్ళ మధ్య దిగజారే నీటికి తక్కువ పరిమాణంలోనూ వేగం ఉంటుంది. వేగం రెండింతలైతే నీరు తోసే బలం నాలుగింతలవుతుంది. అదే వరదలో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్నాయి కదా, వరద తగ్గాక కూడా రోజుల తరబడి కదిలాయా అని అడిగాను. ఆయన నవ్వు ఆపి తలూపారు. నదిలో పడిపోయిన చెట్టు కొమ్మలకి కయాక్ అడ్డంగా తగిలితే జరిగేది కూడా అదే. నీరు కొమ్మల సందుల్లోంచి వెళ్ళిపోతుంది, మనిషి వెళ్ళలేడు.

ఇంతవరకూ ఆయనకి తెలిసిన భాషే. తెలియనిది చలి. ఆ నది మీదే ఎగువన ఉన్న ఫోల్సమ్ డ్యామ్ 1956లో పూర్తయింది, మన ప్రకాశం బ్యారేజీ కంటే ఏడాది ముందు. సియెర్రా నెవాడా కొండల మంచు కరిగిన నీరు దాంట్లో నిలిచి, లోతు నుంచి కిందికి వస్తుంది. అందుకే ఊళ్ళో 36 డిగ్రీల ఎండ కాస్తున్నా నదిలో నీరు పదిహేను డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. మన వాళ్ళు మోసపోయేది ఇక్కడే. ఎండ బెజవాడ ఎండలాగే ఉంటుంది, నీళ్ళు మాత్రం మన నీళ్ళు కావు.

నేనూ అలాగే మోసపోయాను. అప్పుడు నాకు 57. మే చివరి లాంగ్ వీకెండ్, కాటన్ టీషర్టు, షార్ట్స్. ఒడ్డుకి మూడు బారల దూరంలో కయాక్ బోల్తా కొట్టింది. నీళ్ళు తగలగానే నోరు దానంతటదే తెరుచుకుంది. అరవడానికి కాదు, ఊపిరి లాక్కోవడానికి. లైఫ్ జాకెట్ తలని పైన నిలబెట్టింది కాబట్టి ఆ గుక్కలో గాలే లోపలికి వెళ్ళింది. ఈత వచ్చిందా రాలేదా అన్నది ఆ నిమిషంలో లెక్కలోకే రాలేదు. ఒడ్డెక్కాక జాకెట్ బకిల్ విప్పుదామంటే వేళ్ళు వంగలేదు. పక్కన గులకరాళ్ళు ఏరుకుంటున్న పదేళ్ళ పిల్ల వచ్చి టక్‌మని నొక్కి విప్పింది.

శిక్షణ ఇచ్చేవాళ్ళు దీన్ని 1-10-1 అంటారు. మొదటి నిమిషంలో ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి, తర్వాత పది నిమిషాలే చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వింటాయి, ఒంట్లో వేడి తగ్గి స్పృహ పోవడానికి దాదాపు గంట పడుతుంది. అరవై దాటినవాళ్ళకి గండం ఆ మొదటి నిమిషంలోనే. చర్మం దగ్గర రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుని బీపీ ఎగబాకుతుంది, గుండె లయ తప్పొచ్చు. పైగా బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే తలకి రాయి తగలడం చిన్న దెబ్బ కాదు. ఏ మాత్రలు వాడుతున్నారో రాసుకుని, విమానం ఎక్కేలోపు ఇక్కడి డాక్టర్నే అడగమని చెప్పాను. అక్కడికి వచ్చాక అపాయింట్‌మెంటూ, బిల్లూ రెండూ టెన్షనే. ఆయనకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ కూడా ఒకసారి చదువు. చాలా పాలసీల్లో సాహస క్రీడలకి కవరేజీ ఉండదు, ముందునుంచీ ఉన్న జబ్బులకి బోలెడు మెలికలుంటాయి.

మరి ఆగస్టులో ఎలా? ఆ డ్యామ్ వెనక ఉన్న ఫోల్సమ్ సరస్సులో పైనీరు అప్పటికి వెచ్చబడుతుంది. పొద్దున్నే, గాలి లేవకముందు, ఏదైనా చిన్న మలుపులో ఒడ్డుని అంటిపెట్టుకుని వెళ్ళండి. ఇద్దరు కూర్చునే వెడల్పాటి కయాక్ తీసుకో, వెనక నువ్వు కూర్చో. కాటన్ వద్దు. జాకెట్ సీటు వెనక పెట్టుకుంటే లేనట్టే లెక్క. ఒంటి మీద బిగించి, రెండు భుజాల దగ్గరా పట్టి పైకి లాగి చూడు. చెవుల దాకా లేచిందంటే సైజు తప్పు. ముందు మోకాలి లోతులో ఒకసారి కావాలనే పడి లేవమను. నామోషీ అనుకుంటే ముందు నువ్వు పడు.

ఎప్పుడైనా పారే నీళ్ళలో పడితే మాత్రం నిలబడటానికి ప్రయత్నించొద్దని గట్టిగా చెప్పు. రాళ్ళ సందులో కాలు ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి వంచి ముంచేస్తుంది. వెల్లకిలా పడుకుని, కాళ్ళు దిగువకి పెట్టి, కాలి వేళ్ళు నీళ్ళ పైకి కనిపించేలా తేలుతూ ఒడ్డు వైపు జరగాలి. కాలువ ఈతలో దూకగానే కాళ్ళతో అడుగు వెతుక్కోవడం ఆయనకి అలవాటు. అది మాన్పించడానికే నీకు ఎక్కువ సమయం పడుతుంది.

మీ అమ్మగారు మజ్జిగ ఇస్తూ అంతా విన్నారు. 2017లో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగిన సంగతి ఆవిడకి ఇంకా కళ్ళ ముందే ఉంది, జాకెట్ గురించి వేరే చెప్పక్కర్లేకపోయింది. లోపలికెళ్ళి కుట్టుమిషను డ్రాయర్లోంచి టేపు తెచ్చి నాన్నగారి ఛాతీ కొలిచారు, 40 అంగుళాలు. రాసుకో. తర్వాత టేపు నా చేతికిస్తారేమో అనుకున్నాను, ఆవిడ తన చుట్టూ తిప్పుకున్నారు. 38.