లాగరిథమ్ 3 కుదిరిందన్నారు, తరవాత ఏమైంది?

ప్రశ్న: భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 2003లో ఒక సెమినారు కోసం లూప్ క్వాంటమ్ గ్రావిటీ (గురుత్వాకర్షణను క్వాంటమ్ పద్ధతిలో వివరించబోయే సిద్ధాంతం) మీద రాసుకున్న నోట్సు మొన్న అటక సర్దుతుంటే బయటపడింది. కృష్ణబిలం లెక్కలో లాగరిథమ్ 3 కుదిరిందనీ, ఎక్కువ శక్తి గల గామా కిరణాలు ఆలస్యంగా రావచ్చనీ అందులో ఉంది. డిగ్రీ చదువుతున్న మా మనవరాలు "ఇవి ఇప్పుడు ఎక్కడా కనబడవేం తాతయ్యా?" అని అడిగింది. తప్పని తేలాయా, లేక మూలపడ్డాయా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: మాష్టారూ, రెండూ పోయాయి. పోయిన తీరు మాత్రం ఒక్కటి కాదు.

1986లో అభయ్ అష్టేకర్ ఐన్‌స్టీన్ సమీకరణాలను కొత్త చలరాశుల్లో రాసిన తరవాత పుట్టిన ఈ సిద్ధాంతంలో స్థలం సన్నని గీతల వలలా ఉంటుంది, వైశాల్యం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆ మెట్టు ఎత్తు ఇమిర్జీ పరామితి అనే సంఖ్య మీద ఆధారపడుతుంది, కానీ ఆ సంఖ్య ఎంతో సిద్ధాంతం తనంతట చెప్పదు. కృష్ణబిలం ఎంట్రోపీ (లోపలి స్థితులు ఎన్ని రకాలుగా ఉండగలవో చెప్పే కొలత) దాని ఉపరితల వైశాల్యంలో నాలుగో వంతు కావాలన్న హాకింగ్ ఫలితానికి సరిపోయేలా దాన్ని సుమారు 0.127గా ఎంచుకున్నారు. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టి అది ఎవరికీ పూర్తిగా రుచించలేదు.

ఇక మీ లాగరిథమ్ 3. కృష్ణబిలాన్ని కదిలిస్తే అది దెబ్బ తిన్న గంటలా కంపించి సద్దుమణుగుతుంది. అతివేగంగా అణగిపోయే కంపనాల పౌనఃపున్యం, ద్రవ్యరాశితో గుణించి తగిన ప్రమాణాల్లో చూస్తే, 0.0437 దగ్గర స్థిరపడుతుందని కంప్యూటర్ లెక్కలు చూపాయి. ఆ సంఖ్య 3 యొక్క సహజ లాగరిథమ్‌ను 8πతో భాగిస్తే వచ్చేదేనని 1998లో షహర్ హాడ్ గుర్తించాడు. 2002లో ఓలాఫ్ డ్రేయర్ దాన్ని లూప్ సిద్ధాంతానికి ముడిపెట్టాడు: ఉపరితలాన్ని గుచ్చే ప్రతి గీతకూ రెండు కాక మూడు స్థితులు ఉంటాయనుకుంటే, కంపనాల నుంచీ ఎంట్రోపీ నుంచీ ఒకే ఇమిర్జీ విలువ వస్తుంది. సంబంధం లేని రెండు దారులు ఒకే వీధిలో కలిశాయి; మీరు సెమినారులో ఉత్సాహంగా చెప్పి ఉంటే తప్పేమీ లేదు. 0.0437 కాకతాళీయం కాదని లూబోష్ మోట్ల్ గణితపరంగా నిరూపించాడు కూడా.

అయితే విద్యుదావేశం ఉన్న కృష్ణబిలానికీ, తిరిగే కృష్ణబిలానికీ అదే లెక్క చేస్తే ఆ పొందిక నిలవలేదు. ఈలోగా 2004లో డొమగాలా, లెవాండోవ్‌స్కీ, మైస్నర్ అసలు ఎంట్రోపీ లెక్కనే తిరగదోడి, అతి చిన్న స్పిన్ (ప్రతి గీతకూ ఉండే ఒక సంఖ్య) గల గీతలు తప్ప మిగతావి లెక్కలోకి రావన్న పాత అంచనా తప్పని చూపారు. వదిలేసిన స్థితులన్నీ కలిపితే ఇమిర్జీ విలువ దాదాపు 0.237కు చేరింది. పునాది అంకెలే మారాక పైన కట్టిన పొందిక మిగల్లేదు. ఈ ఆలోచనను కూల్చింది ప్రయోగం కాదు, మన విద్యార్థులు పరీక్షలో చేసేలాంటి లెక్కింపు పొరపాటు.

గామా కిరణాలది వేరే కథ. స్థలం గరుకుగా ఉంటే శక్తిని బట్టి కాంతి వేగం మారవచ్చని గాంబినీ, పుల్లిన్ 1999లో సూచించారు. 2009 మే 10న ఫెర్మీ ఉపగ్రహం పట్టిన విస్ఫోటంలో 3,100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ ఒకటి, 730 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి, విస్ఫోటం మొదలైన సెకను లోపే చేరింది. స్థలం ప్లాంక్ పరిమాణంలో (ఊహించగల అతి చిన్న కొలతలో) గరుకుగా ఉండి, శక్తికి అనుపాతంగా ఆలస్యం పెరిగితే అంతకు మించి తేడా రావాలి. అయితే సిద్ధాంతం ఆ ఆలస్యాన్ని కచ్చితంగా ఎప్పుడూ కోరలేదని ఆ సిద్ధాంతం మీద పనిచేసేవారు తరవాత చెప్పారు. నిజమే, కానీ తీర్పు వచ్చాక సాక్షి మాట సవరించుకున్నట్టు నాకనిపిస్తుంది.

మీరు అడగని మూడోదీ చెబుతాను. స్థలంలోని గీతలు మూడు పాయల జడలా మెలిపడితే ఎలక్ట్రాన్, క్వార్క్‌ వంటి కణాలు అవుతాయని 2006 ప్రాంతంలో బిల్సన్-థాంప్సన్, మార్కోపులూ, స్మోలిన్ ప్రతిపాదించారు. ద్రవ్యరాశి ఎలా వస్తుందో చూపలేకపోయారు. దాన్ని ఎవరూ ఖండించలేదు, దాని మీద రాయడమే తగ్గిపోయింది. మూలపడడం అని మీరన్నది దీనికే సరిపోతుంది.

ప్రశ్న: స్థలం నేతగుడ్డ లాంటిదని చదివాను. మా ఊళ్లో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, సన్ననూలు వడికి నేస్తారు. ఆ పోలిక నిజంగా శాస్త్రవేత్తలదేనా?
– ఒక పాఠకురాలు, పొందూరు

సమాధానం: వారిదేనమ్మా. 1992లో అష్టేకర్, రోవెల్లీ, స్మోలిన్ లూప్‌లనే (ఉంగరాల్లా మూసుకున్న గీతలనే) పోగులుగా తీసుకుని, నునుపైన స్థలాన్ని నేసి చూపబోయారు. పోగులు దగ్గర చేసినకొద్దీ గుడ్డ సన్నబడి, చివరికి నునుపు వస్తుందని వారి ఆశ. ఆ నేతలో వైశాల్యం కచ్చితంగా తెలుస్తుంది గానీ, కాలంతో స్థలం ఎలా వంగుతుందో బొత్తిగా తెలియదు. అందుకే తరవాత దాన్ని పక్కనపెట్టి వేరే రకం క్వాంటమ్ స్థితులు వాడారు. కానీ ఆ ప్రయత్నంలోనే ఒక వింత బయటపడింది. మీ మగ్గం మీద పోగులు పెంచితే గుడ్డ చిక్కబడుతుంది కదా. ఇక్కడ పోగులు పెంచితే గుడ్డే పెద్దదైంది, పోగుకూ పోగుకూ మధ్య దూరం ప్లాంక్ పరిమాణం కంటే తగ్గనే లేదు. వైశాల్యం మెట్లుగా ఉంటుందని రోవెల్లీ, స్మోలిన్ 1995లో చూపిన ఫలితానికి దారి అక్కడే దొరికింది.