ఫిన్‌లాండ్ మంచులో చిన్న పిల్లలతో వారం రోజులు: మా అనుభవం

మీ ప్రశ్న చదువుతుంటే మా ఇంట్లో జరిగిన గొడవే మళ్లీ విన్నట్టనిపించింది. పాపకి ఏడు, బాబుకి నాలుగు. సంక్రాంతి సెలవుల్లో ఫిన్‌లాండ్‌లోని రొవానియెమి వెళ్దామనుకుంటున్నారు. మైనస్ 20 చలికి పిల్లలు తట్టుకోలేరని పెద్దవాళ్లు వద్దంటున్నారు. రోజుకి రెండు టూర్ల చొప్పున ప్లాన్ వేశాం, సరిపోతుందా అని అడిగారు. మేం వెళ్లినప్పుడు మా పెద్దదానికి ఏడు, చిన్నోడికి మూడున్నర. డిసెంబర్ చివర్లో రొవానియెమిలో ఏడు రాత్రులు ఉన్నాం. "ఇక్కడ ఫ్యాన్ ఐదులో పెడితేనే వాడికి పడిశం పడుతుంది, తీసుకెళ్లి ఐసులో కూర్చోబెడతారా" అని మా అత్తయ్య టికెట్లు బుక్ చేసిన రోజు నుంచి ముభావంగానే ఉన్నారు.

వెళ్లండి. పిల్లలు తట్టుకుంటారు. మీ ప్లాన్‌ని మాత్రం సగానికి కోసేయండి. రోజుకి బయట ఒక్క పనే పెట్టుకోండి.

ఎందుకో చెప్తాను. మొదటి రోజు పొద్దున్నే పిల్లల్ని తయారు చేయడం మొదలుపెట్టాం. ఒంటికి అతుక్కుని ఉండే ఉన్ని బట్టలు, మందపాటి మేజోళ్లు, పైన ఫ్లీస్, దాని మీద మెడ నుంచి కాళ్ల దాకా ఒకే ముక్కగా ఉండే ఓవరాల్, బూట్లు, మెడకి గొట్టంలాంటి మఫ్లర్, టోపీ, చివర్లో గ్లవ్స్. పెద్దదాన్ని తయారు చేసేసరికి చిన్నోడు మేజోళ్లు పీకేశాడు. వాడికి మళ్లీ తొడిగేసరికి గదిలో వేడికి పెద్దదానికి చెమటలు పట్టి ఏడుపు. మొత్తానికి ముప్పావుగంట తర్వాత అందరం గుమ్మం దగ్గరికి చేరాం. చిన్నోడు చేతులు కిందికి దించలేక రెండు పక్కలా చాపుకుని, దిష్టిబొమ్మలా నిలబడి, మెల్లిగా అన్నాడు: "అమ్మా, సుస్సు."

మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఆ ఊళ్లో పగటిపూట ఒక గంట పోయిందంటే ఆ రోజు సగం పోయినట్టే. డిసెంబర్ నెలాఖరులో అక్కడ సూర్యుడు పదకొండు దాటాక వస్తాడు, ఒకటిన్నర ప్రాంతంలో వెళ్లిపోతాడు. పైకి ఎక్కడు కూడా, చెట్ల చివర్లు పట్టుకుని పాకుతూ అటు నుంచి అటే దిగిపోతాడు. దానికి ముందూ వెనకా కాసేపు నీలం వెలుతురు ఉంటుంది, ఎంత సేపు చూసినా తనివి తీరదు. మూడున్నరకల్లా చీకటే. పైగా మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా. పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటారు, సాయంత్రం ఆరింటికి ముద్ద నోట్లో ఉండగానే తూలిపోతారు. లేచింది మొదలు వెలుతురు వచ్చేదాకా ఆరు గంటలు గదిలో ఏం చేయిస్తారో ముందే ఆలోచించుకోండి. మేం ఆలోచించుకోలేదు.

మీరు వెళ్లే సంక్రాంతికి పగలు దాదాపు నాలుగు గంటలు ఉంటుంది, మాకంటే నయం. ఫిబ్రవరి చివరికైతే తొమ్మిది గంటలు దాటుతుంది, మంచు అప్పటికి ఇంకా మందంగా పేరుకుని ఉంటుంది. నన్నడిగితే పాప స్కూల్ వారం ఎగ్గొట్టయినా అప్పుడే వెళ్లమంటాను. రెండో తరగతిలో వారం పోతే కొంపలేం మునగవు. ఎలాగూ డిసెంబరే అనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: 24 మధ్యాహ్నం నుంచి 25 రాత్రి దాకా చాలా షాపులు, హోటళ్లు మూసేస్తారు, బస్సులు కూడా సరిగ్గా ఉండవు. సరుకులు ముందే తెచ్చిపెట్టుకోవాలి.

బట్టల విషయం. ఇక్కడి నుంచి కొనుక్కెళ్లాల్సింది లోపలి ఉన్ని బట్టలు. కాటన్ బనియన్లు వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతాయి, ఆట ఆపగానే ఒళ్లు చల్లబడిపోతుంది. పెద్దవాళ్లకి ఓవరాల్, బూట్లు చాలావరకు టూర్ వాళ్లే ఆ కాసేపటికి ఇస్తారు, ఊళ్లో రోజుల లెక్కన అద్దెకీ దొరుకుతాయి. పిల్లలకి మేం 'కిర్పుతోరి'లో కొన్నాం. అంటే వాడిన సామాన్లు అమ్మే చోటు. అక్కడివాళ్లకి అందులో నామోషీ ఏమీ లేదు, పిల్లలకి పొట్టయిన బట్టలన్నీ అక్కడికే చేరుస్తారు. పిల్లల సైజులు ఎత్తును బట్టి సెంటీమీటర్లలో ఉంటాయి: 104, 110, 116 అని. కొలిచి రాసుకుని వెళ్లండి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, లోపల వేళ్లు కదలాలి. ఓవరాల్‌కి వేలాడదీసే చిన్న రిఫ్లెక్టర్లు కూడా కొనండి. చీకట్లో నడిచేవాళ్లు అవి పెట్టుకోవాలని అక్కడ చట్టమే ఉంది, బడికెళ్లే పిల్లలంతా మిణుగురుల్లా మెరుస్తూ కనిపిస్తారు.

ఇక గ్లవ్స్. వేళ్లు విడివిడిగా ఉండేవి కొనకండి. బొటనవేలికి ఒక అర, మిగతా నాలుగు వేళ్లకీ కలిపి ఒక అర ఉండే తొడుగులు కొనండి. వేళ్లన్నీ ఒకచోట ఉంటే ఒకదానికొకటి కాచుకుంటాయి. ముద్దుగా ఉన్నాయని మేం హైదరాబాద్‌లోనే వేళ్ల గ్లవ్స్ కొనేశాం.

మూడో రోజు మైనస్ 22. చిన్నోడు మంచు తింటుంటే వద్దన్నాను. గ్లవ్ కొసలు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడని మాత్రం చూడలేదు. పావుగంట తర్వాత ఏడుపు. గ్లవ్ తీసి చూస్తే చూపుడు వేలు, మధ్యవేలు కొసలు కొవ్వొత్తిలా తెల్లగా ఉన్నాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మావారు గబగబా రుద్దబోతుంటే, మనవణ్ణి బండి మీద లాక్కెళ్తున్న ఒక పెద్దావిడ వచ్చి ఆయన చేతులు పట్టుకుని ఆపేశారు. తన జాకెట్ జిప్పు కాస్త దించి, చంకలో చెయ్యి పెట్టుకుని చూపించారు. అలాంటప్పుడు రుద్దకూడదు, ఒంటి వేడితోనే మెల్లిగా కాచాలి. నేను జిప్పు లాగి వాడి చెయ్యి నా చంకలో పెట్టుకుని ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్‌లోకి పరిగెత్తాను. కూరగాయల దగ్గర నేల మీద కూర్చున్నాం. కాసేపటికి రంగొచ్చింది. రంగొచ్చేటప్పుడు మంట పుట్టి వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు, ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. అంతకుమించి ఏమీ కాలేదు. ఆ రోజే ఇద్దరికీ రెండేసి జతల తొడుగులు కొన్నాం. ఒక జత చేతికి, ఒక జత నా బ్యాగులో, తడవగానే మార్చేయడం. పది పదిహేను నిమిషాలకోసారి వేళ్లు, ముక్కు, చెంపలు, చెవులు చూడటం అలవాటు చేసుకోండి. పిల్లలు చలేస్తోందని చెప్పరు, ఆటలో పడితే వాళ్లకే తెలీదు. ఈ సంగతి మా అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.

ఆ పెద్దావిడ లాగుతున్న బండిని 'పుల్కా' అంటారు (మనం తినేది కాదు). ముందు తాడు కట్టిన ప్లాస్టిక్ తొట్టి, అంతే. మీరు స్ట్రోలర్ మోసుకెళ్లకండి, మెత్తటి మంచులో చక్రాలు దిగబడిపోతాయి. అక్కడివాళ్లు పిల్లాణ్ణీ కూరల సంచినీ కలిపి ఆ తొట్టిలోనే వేసుకుని ఇంటికి లాక్కెళ్తారు. మాకు పదిహేను యూరోల్లోపే వచ్చింది. హస్కీ కుక్కల బండికి నలుగురికీ కలిపి కొన్ని వందల యూరోలు పెట్టాం. కుక్కల అరుపులకి చిన్నోడు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా నా మెడ వదల్లేదు. అదే పుల్కా అయితే, మేం దిగిన అపార్ట్‌మెంట్ వెనక దిబ్బ మీద నుంచి ఒక్క మధ్యాహ్నంలో 41 సార్లు జారారు. పెద్దది లెక్కపెట్టింది.

స్నోమ్యాన్ మాత్రం కుదరలేదు. పిల్లలు ఇండియాలోనే క్యారెట్ గురించి మాట్లాడుకుని వచ్చారు, తీరా చూస్తే మంచు అతుక్కోదు. అంత చలిలో అది ఇడ్లీ రవ్వలా పొడిపొడిగా ఉంటుంది. గుప్పిట్లో పట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, నెయ్యి పోయకుండా సున్నుండలు చుట్టబోయినట్టు. రేణువులకి కాస్త తడి ఉంటేనే ముద్ద కడుతుంది, అందుకు చలి సున్నా దాకా తగ్గాలి. "ఇది నిజం మంచు కాదు" అని తేల్చేసింది మా పెద్దది.

శాంటాక్లాజ్ విలేజ్ ఊరికి 8 కిలోమీటర్లు, రైల్వే స్టేషన్ దగ్గర 8వ నంబర్ బస్సు ఎక్కితే చాలు. ఆర్కిటిక్ వృత్తం గీత అక్కడే ఉంటుంది, పిల్లలు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడతారు. శాంటాని కలవడానికి డబ్బులు తీసుకోరు, ఫొటో మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. మేం గంటకు పైగా క్యూలో ఉన్నాం. నాకు నచ్చింది అక్కడి పోస్టాఫీసు. రెండు డబ్బాలు ఉంటాయి, ఒకదాంట్లో వేస్తే కార్డు ఇప్పుడే వెళ్తుంది, రెండోదాంట్లో వేస్తే వచ్చే క్రిస్మస్‌కి. పెద్దది వాళ్ల తాతయ్యకి రాసింది రెండో డబ్బాలో వేసింది. అందరం మర్చిపోయాక, ఏడాది తిరిగేసరికి రాజమండ్రి చేరింది.

రెయిన్‌డీర్ ఫామ్‌కి వెళ్తే, మీకెన్ని ఉన్నాయని యజమానిని అడక్కండి. మన దగ్గర ముక్కూమొహం తెలియనివాణ్ణి బ్యాంకులో ఎంతుందని అడిగినట్టు. మావారు అడిగారు. ఆ యజమాని నవ్వి టీ పోశాడు. ఆ రాత్రే హోటల్ మెనూలో మొదటి ఐటమ్ రెయిన్‌డీర్ మాంసమని తెలిసి పెద్దది పక్కనున్న ఆలుగడ్డ ముద్ద కూడా ముట్టుకోలేదు.

నార్తర్న్ లైట్స్, అంటే రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, చూపించే టూర్ పిల్లలతో పెట్టుకోవద్దు. మాకు డబ్బు కట్టాక వచ్చిన మెయిల్‌లో చిన్న అక్షరాల్లో 'నాలుగేళ్లు నిండాలి' అని ఉంది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వయసు కుదిరినా రాత్రి తొమ్మిదికి బయల్దేరడమంటే మన పిల్లల ఒంటికి అర్ధరాత్రి పన్నెండున్నర. ఆకాశం కూడా మబ్బు లేకుండా ఉండాలి. మేం చూడలేదు, బాధ కూడా లేదు.

తిండికి కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు, పచ్చి కరివేపాకు కూడా కుదరదు. పిల్లలకి బాగా పనికొచ్చింది వాళ్ల 'కర్యలన్ పిరక్క': పల్చటి రై పిండి డొప్పలో పాలతో ఉడికించిన అన్నం. క్రిస్మస్‌కి వాళ్లు పాలన్నం వండి, పైన దాల్చినచెక్క పొడి చల్లి, అందులో ఒక్క బాదం గింజ దాస్తారు, ఎవరి గిన్నెలో వస్తే వాళ్లది అదృష్టం. మేమూ చేశాం, ఇద్దరు పిల్లలకీ చెరొకటి దాచక తప్పలేదు.

అపార్ట్‌మెంట్‌లో సౌనా, అంటే పొయ్యితో వేడెక్కించి చెమటలు పట్టేలా కూర్చునే గది, కూడా ఉంటే ఇంకా మంచిది. మే నెలలో రెంటచింతల దిగినట్టుంటుంది. పిల్లల్ని కింది మెట్టు మీద రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టాం. నేను మాత్రం దాన్ని రాత్రిళ్లు తడి తొడుగులు ఆరేయడానికే ఎక్కువ వాడాను, పొయ్యి చల్లారాక, బల్లల మీద.

హైదరాబాద్ నుంచి మేం దోహా మీదుగా హెల్సింకి దిగి, అక్కడి నుంచి రాత్రి రైల్లో వెళ్లాం. దాదాపు పన్నెండు గంటలు. డబుల్ డెక్కర్ స్లీపర్, పై అంతస్తు గదుల్లో లోపలే బాత్రూమ్ ఉంటుంది, పిల్లలతో అది తప్పనిసరి. ఫిన్‌లాండ్ వెళ్లడానికి కావాల్సిన షెంజెన్ వీసాకి ఆరేళ్ల లోపు వాళ్లకి ఫీజు లేదు, 6 నుంచి 11 ఏళ్ల వాళ్లకి 45 యూరోలు, పెద్దలకి 90, వీసా సెంటర్ చార్జీలు అదనం. పన్నెండేళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆలస్యం చేయకండి.

చివరి రోజు పొద్దున లేచేసరికి మైనస్ 1. పెద్దది బాల్కనీలో మంచు పిడికిలి పట్టి "అమ్మా, అంటుకుంటోంది!" అని కేక పెట్టింది. ఇంకో రెండు గంటల్లో రైలు, పెట్టెలు సగమే సర్దాం. అయినా దిగాం. నడుమెత్తున బొమ్మ చేశారు, క్యారెట్ పెట్టారు, చేతులకి ఎండు కొమ్మలు గుచ్చారు. దానికి చలేస్తుందని చిన్నోడు తన తొడుగు ఒకటి తీసి కొమ్మకి తగిలించాడు. తీస్తే ఊరంతా వినపడేలా ఏడుపు. అలాగే వదిలేసి స్టేషన్‌కి పరిగెత్తాం.

వాడి ఓవరాల్ 104 సైజు, మా అటక మీదే ఉంది, మీ బాబుకి సరిపోతుంది. హైదరాబాద్‌లోనే ఉంటే మెసేజ్ పెట్టండి, వచ్చి తీసుకెళ్దురుగాని. బూట్లు, రెండో జత తొడుగులు కూడా ఉన్నాయి. మొదటి జతలో మాత్రం ఒక్కటే.