కొత్త ప్రాసెసర్ కొనేముందు టాస్క్ మేనేజర్ చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రాసెసర్, ర్యామ్ రెండూ మార్చేస్తే వీడియో ఎడిటింగ్ స్పీడ్ అవుతుందా అని అడిగావు. అవుతుంది, కానీ నీ సిస్టమ్‌లో పని ఎక్కడ ఆగుతోందో ఆ భాగాన్ని మార్చినప్పుడే. అది తేలకుండా దయచేసి డబ్బు పెట్టకు.

నిన్ను బాగా సతాయిస్తున్న ప్రాజెక్టు తెరిచి, పక్కన విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ పెట్టుకో, ఏ భాగం ఎంత పని చేస్తోందో అది చూపిస్తుంది. టైమ్‌లైన్ ప్లే చేస్తూ ఒకసారి, ఎక్స్‌పోర్ట్ చేస్తూ ఇంకోసారి గమనించు. ప్లే చేసేటప్పుడు తడబడడం, ఎక్స్‌పోర్ట్‌కి గంటలు పట్టడం వేరువేరు సమస్యలు. చాలామంది రెండింటినీ కలిపేసి తప్పు భాగం కొంటారు.

ర్యామ్ సంగతి తేలికే. 4కే వీడియోలో ఒక్క ఫ్రేమ్‌లోనే దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. ఫైల్‌లో కుదించి ఉన్న ఫ్రేములను చూపించడానికి విప్పాక, అవి మెమరీలో, అంటే ర్యామ్‌లో కూర్చుంటాయి. అది నిండిపోతే సిస్టమ్ కొంత డేటాను డిస్క్ మీదికి తోస్తుంది, అక్కడినుంచి అంతా నత్తనడకే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీటర్ 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచు, తేడా ఆ రోజే తెలుస్తుంది. 4కే పనికి 32 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. సగం ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం రెట్టింపు చేసినా ఒరిగేదేమీ ఉండదు. కొంటే ఒకే రకం స్టిక్స్ రెండు కొను, డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండూ ఒకేసారి డేటా అందిస్తూ నడుస్తాయి.

ప్రాసెసర్ దగ్గరే అసలు చిక్కు. ఫోన్లు, మామూలు కెమెరాలు ఇచ్చే హెచ్.264, హెచ్.265 అనే కోడెక్‌ల (వీడియోను కుదించే పద్ధతుల) ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. చాలావాటిలో పక్క ఫ్రేములతో ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. అందుకే క్లిప్ మధ్యలోకి దూకినప్పుడల్లా, కథ మధ్యలో వచ్చినవాడికి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చినట్టు, సిస్టమ్ వెనక్కి వెళ్లి ఫ్రేములన్నీ మళ్లీ కట్టుకుంటూ రావాలి. ఫైల్ చిన్నదే కదా, ఎందుకింత భారం అని నువ్వు ఆశ్చర్యపోయింది ఇందుకే.

ఇలా ఫ్రేములను విప్పే పనికోసం చిప్‌లోనే డీకోడర్ అనే ప్రత్యేకమైన భాగం ఉంటుంది, కానీ అది అన్ని రకాల ఫైళ్లనూ అందుకోదు. నీ కెమెరా 10 బిట్ 4:2:2 హెచ్.265 (రంగుల వివరాలు ఎక్కువగా ఉండే రకం) తీస్తుంటే ఇక్కడ జాగ్రత్త. ఇంటెల్‌లో 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్ దాన్ని విప్పగలదు. ఎన్విడియా కార్డుల్లో ఆర్టీఎక్స్ 50 సిరీస్ వచ్చేదాకా ఆ సౌకర్యం లేదు. ఖరీదైన కార్డు ఉన్నా టైమ్‌లైన్ ఆగి ఆగి నడవడం వెనక కారణం చాలాసార్లు ఇదే. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి ఈ లాభమూ ఉండదు. కాస్త చవక అని దానికి ఆశపడకు.

నా మాట విని ముందు ప్రాక్సీలు చేసి చూడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ అయినా డావిన్చి రిజాల్వ్ అయినా ఒరిజినల్ ఫైళ్లకు తేలికైన నకళ్లు తయారుచేసుకుని వాటితో కట్ చేస్తావు, ఎక్స్‌పోర్ట్ ఒరిజినల్ నుంచే అవుతుంది. నకళ్లు తయారవడానికి కొంత సమయం, డిస్క్‌లో కొంత చోటు పోతాయి, అంతే. పాత మెషీన్ మీద కూడా కట్టింగ్ సాఫీగా సాగుతుంది. ఇంత మంచి దారిని ఎడిటర్లు ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

కలర్ కరెక్షన్, నాయిస్ రిడక్షన్ వేసినప్పుడే ఆగుతోందంటే అది గ్రాఫిక్స్ కార్డు పని. రిజాల్వ్ అయితే మరీ ఎక్కువగా దానిమీదే ఆధారపడుతుంది.

ప్రాసెసరే మార్చాలని తేలినా, మదర్‌బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏ రకమో చూడకుండా ఆర్డర్ పెట్టకు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ ఉన్న బోర్డులో 12, 13, 14 తరాలు మాత్రమే కూర్చుంటాయి, వాటికీ బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అవసరం పడొచ్చు. డీడీఆర్4 ర్యామ్ స్లాట్‌లో కొత్త రకం డీడీఆర్5 పట్టదు. అంటే ఒక్కోసారి ప్రాసెసర్‌తోపాటు బోర్డు, ర్యామ్, కూలర్ అన్నీ మార్చాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్‌లో అయితే ప్రాసెసర్ సాధారణంగా బోర్డుకే అతికించి ఉంటుంది, ఆ ఆశ వదులుకో. ఫ్యాన్ దుమ్ము మాత్రం దులుపు. వేడెక్కిన చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది.

ఆ మీటర్లు ఎంతెంత చూపించాయో, క్లిప్ ఏ కోడెక్‌లో ఉందో, బోర్డు మోడల్ ఏమిటో రాసి పంపు. అవి చూశాక ఏది కొనాలో చెబుతాను.